రెండు దెబ్బల వెంకటరాయప్ప

మా భజన మండలిలో డోలక్ వాయించే వెంకటరాయప్పను మొదటిసారి విన్నప్పుడు ఆయనకు చేయి నొప్పేమో అనుకున్నాను. ఆరుగురు ఆడవాళ్లు గొంతెత్తి పాడుతున్నారు. తాళాలు మోగుతున్నాయి. ఈయన మాత్రం డోలక్‌ను ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను జోకొట్టినట్టు ఎప్పుడో ఒకసారి తట్టి, మళ్లీ చేయి తీసి తొడ మీద పెట్టుకుంటున్నాడు. పాట అయిపోయాక నుదుటి చెమట కూడా తుడుచుకోలేదు. చెమట పడితే కదా.

నా సంగతి వేరు. డిగ్రీ రెండో ఏడాదిలో వదిలేసి చింతామణి బస్టాండు పక్కన జెరాక్స్ అంగట్లో పని చేస్తున్నాను. పాత పేపర్ల అంగడి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదివి, నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికీ తెలియదని నమ్మేవాణ్ణి. డోలక్ ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. జాతరల్లో ఆర్కెస్ట్రాలకు వాయించేవాణ్ణి. వాయించేటప్పుడు నా వేళ్లు కంటికి కనిపించవు. అంత వేగాన్ని పట్టించుకోని జిల్లా మీద నాకు కోపం. అలాంటి కోపంలో ఉన్నవాడి ముందు, గంటకు పది దెబ్బలు కొట్టి మర్యాదగా బతుకుతున్న మనిషిని కూర్చోబెడితే ఎలా ఉంటుంది?

వెంకటరాయప్పది బాగేపల్లి తాలూకా మిట్టేమరి. నాలుగెకరాల మెట్ట, ముగ్గురు అన్నదమ్ములు, వాన మీద నమ్మకం లేని వేరుశెనగ. పందొమ్మిదో ఏట పొలాన్ని అన్నలకు వదిలి, చింతామణి నుంచి చేలూరు మీదుగా బాగేపల్లి పోయే ప్రైవేటు బస్సులో క్లీనరుగా చేరాడు. ముప్పై ఒక్క ఏళ్లు అదే దారి, అదే వెనక తలుపు. ఓనర్లు మారారు, డ్రైవర్లు మారారు, బస్సే మూడు సార్లు మారింది. క్లీనరు మారలేదు.

క్లీనరంటే అద్దాలు తుడిచేవాడని, టమోటా బుట్టలు టాపు మీదికి ఎక్కించేవాడని మనం అనుకుంటాం. ఆయన లెక్కలో అవన్నీ చిల్లర పనులు. అసలు పని రేకు కొట్టడం. బస్సు పక్క రేకు మీద ఒక్క దెబ్బ కొడితే బండి నిలవాలి. రెండు కొడితే కదలాలి. డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు. వెనక ముసలామె దిగిందో, మేకపిల్ల ఎక్కిందో అతనికి ఆ దెబ్బల్లోనే తెలియాలి.

"మూడు కొడితే ఏమవుతాది తాతా?" అని ఒకసారి అడిగాను.

"డ్రైవరు దిగొచ్చి నన్ను కొడతాడు," అన్నాడు.

ఆయన చేతికి డోలక్ వచ్చింది కూడా ఆ బస్సులోనే. మా మండలికి పెద్ద, తిమ్మక్క. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు, ఊరి బయట టమోటా తోట. అప్పట్లో ఆమె, ఇంకో ఐదుగురు ఆడవాళ్లు ప్రతి శనివారం భజనకు బాగేపల్లి పక్క కొండగుడికి పోయేవాళ్లు. వాళ్ల డోలక్ మనిషికి బస్సు పడదు. చేలూరు దాటకముందే కిటికీలోంచి తల బయట పెట్టేవాడు. ఒక శనివారం అతను అలా తల బయట పెట్టి ఉండగా, తిమ్మక్క వెనక తలుపు దగ్గరున్న క్లీనరును చూసి అంది:

"ఏమప్పా, ఊరికే నిలబడుకోనుండావు. రేకు కొట్టేది నీ పనే కదా, కొంచెం మాకూ కొట్టు."

కొట్టడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. చిక్కల్లా డ్రైవరుతోనే. పాట మధ్యలో గట్టిగా ఒక దెబ్బ పడితే బస్సు ఆగిపోతుంది. అందుకని వెంకటరాయప్ప ఒక ఉపాయం చేశాడు. బస్సు కదలాల్సినప్పుడు రెండు దెబ్బలు కొట్టాడు, వాళ్లు పాట ఎత్తుకున్నారు. స్టాపు వచ్చినప్పుడు ఒక్క దెబ్బ కొట్టాడు, వాళ్లు ముగించారు. మధ్యలో డ్రైవరు చెవికి చేరనంత మెల్లగా, గోటితో, తిమ్మక్క ఊపిరి తీసుకునే చోట మాత్రం ఒక తట్టు. అంతే. పాట బస్సుతో పాటు లేచింది, బస్సుతో పాటు నిలిచింది. కొండ దిగువన అందరూ దిగాక తిమ్మక్క, ఇంకా తల తిరుగుతున్న డోలక్ మనిషి ఒళ్లోంచి డోలక్ తీసి క్లీనరు చేతిలో పెట్టింది.

ఈ కథ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే మీరు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

కరోనాలో ఆ బస్సు నిలిచిపోయింది. మళ్లీ కదల్లేదు. వెంకటరాయప్ప చింతామణిలో కూతురి ఇంట్లో ఉండిపోయాడు. వారంలో ఆరు రోజులు బనీను మీదే ఉంటాడు. శనివారం సాయంత్రం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, భజనకు వచ్చి తిమ్మక్క ఎడమ పక్క కూర్చుంటాడు. ఆ రెండడుగుల జాగా తప్ప ఆయనకు ఇంకెక్కడా పని లేదు.

ఆ జాగా మీద నా కన్ను పడింది. దానికి కారణం పురుషోత్తమ్ మేష్ట్రు.

మేష్ట్రు రిటైరైన హైస్కూలు అయ్యవారు. మండలికి కార్యదర్శి, హార్మోనియం ఆయనదే. బాగేపల్లిలో ఏటా జరిగే జిల్లా భజన స్పర్ధెలో, అంటే పోటీలో, మా మండలికి వరుసగా మూడేళ్లు ఒక స్టీలు గిన్నె కూడా రాలేదు. ఆయన కూర్చుని, గెలిచిన మండళ్ల వీడియోలన్నీ చూసి, ఒక సత్యం కనిపెట్టాడు. గెలిచినవాళ్ల డోలక్ గోల చేస్తుంది. తర్వాత జాతరలో నేను వాయించిన వీడియో చూశాడు. ఒక మధ్యాహ్నం జెరాక్స్ అంగడికి వచ్చి, ఆధార్ కార్డు నకలు తీయించుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు:

"ఏం ధ్రువా, స్పర్ధెకు నువ్వు వాయిస్తావా? మన రాయప్పకు ఇంక చాలు. అంత పొదుపు ఇంట్లో సరే, స్టేజీ మీద ఎట్లా?"

"ఒక్క స్పర్ధెకేనా మేష్ట్రూ?"

"కప్పు తెచ్చినావంటే ఆ జాగా నీదే. శనివారాలు కూడా."

నాకు భజన మీద భక్తి లేదు. జాగా మీద ఆశ ఉంది. ఒప్పుకున్నాను.

శనివారం మేష్ట్రు ఆ మాట అందరి ముందూ చెప్పాడు. వెంకటరాయప్ప డోలక్‌ను చొక్కా అంచుతో ఒకసారి తుడిచి నా ముందు పెట్టాడు.

"కుడిపక్క తోలు కొంచెం మెత్తగా ఉండాది. చూసుకో అప్పా."

తిమ్మక్క మేష్ట్రును చూసింది. "రాయప్ప యాడికి పోతాండాడు?"

"విశ్రాంతి తీసుకుంటాడు అక్కా."

"అడిగినాడా విశ్రాంతి?"

మేష్ట్రు హార్మోనియం మెట్లు తుడవడం మొదలుపెట్టాడు. వెంకటరాయప్ప నా పక్కకు వంగి, మెల్లగా, "పాట ఎత్తుకునేటప్పుడు ఒక సంగతి ఉండాది," అన్నాడు.

"ఎత్తుగడ నేను తయారు చేసినాను తాతా. ముప్పై రెండు సెకన్లు."

"ముప్పై రెండు సెకన్లా," అన్నాడు. "అంతసేపు బండి ఊరికే నిలబెట్టుకుంటే ఓనరు ఒప్పుకుంటాడా?"

లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఒక్క సంగతి ఏమిటని నేను అడగలేదు. ఫోను ఆ రకంగా నేర్పదు, పక్కన కూర్చున్నవాణ్ణి అడగమని అది చెప్పదు.

స్పర్ధెకు ముందు ఆ వారమంతా టమోటా కోతలు. ధర బాగుందని ఆడవాళ్లెవరూ సాధనకు రాలేదు. నేను, మేష్ట్రు ఇద్దరమే హార్మోనియం, డోలక్ పెట్టుకుని వాయించుకున్నాం. మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. ఆదివారం పొద్దున్నే అందరం బస్సులో బాగేపల్లి చేరాం. వెంకటరాయప్ప రానంటే తిమ్మక్క ఆయన చేయి పట్టుకుని ఎక్కించింది.

"వాయించేదానికి పిలవలేదు, చెవులున్నాయి కదా, వినేదానికి రా," అంది.

స్పర్ధె ఒక స్కూలు మైదానంలో. తొమ్మిది మండళ్లు, మాది ఏడో వంతు. పెద్ద షామియానా వేశారు. ఒక మూల నేలంతా బండ కావడంతో తాడు కట్టే గుంజ దిగలేదట, ఆ మూల కొయ్యను నిలబెట్టే తాడును షామియానా సామాను తెచ్చిన టెంపోకు కట్టేశారు. ఆ మూల కిందనే ముగ్గురు తీర్పరుల బల్ల. టెంపో డ్రైవరు మంజునాథ కడుపు నిండా చిత్రాన్నం తిని స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. చేలూరు బస్సు తిరిగిన రోజుల్లో పన్నెండేళ్లు దాన్ని నడిపింది అతనే. వెంకటరాయప్ప పాత స్నేహితుణ్ణి లేపకుండా, టెంపో వెనక పక్క నీడలో నిలబడ్డాడు.

మా పేరు పిలిచారు. మేం ఎక్కి కూర్చున్నాం. నేను తిమ్మక్క ఎడమ పక్క.

నా ఎత్తుగడ మొదటి రెండు దెబ్బలతో మొదలవుతుంది. తర్వాత వేళ్ల జల్లు, ఆ తర్వాత ఒక నిండు దెబ్బ కొట్టి, ఊపిరి బిగపట్టేంత విరామం, మళ్లీ జల్లు. ఆర్కెస్ట్రాల్లో ఆ విరామం దగ్గరే ఈలలు వేస్తారు.

మొదటి రెండు దెబ్బలు కొట్టాను. ఆరుగురు ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు.

నాకు అర్థం కాలేదు. నా ముప్పై రెండు సెకన్లలో ఇంకా ఒక్క సెకను కూడా కాలేదు. మేష్ట్రు కంగారుపడి హార్మోనియం అందుకున్నాడు. నేను జల్లు కొనసాగించాను, పాట దాని కింద నలిగింది. సరే, వాళ్లే సర్దుకుంటారని నా నిండు దెబ్బ కొట్టి విరామమిచ్చాను. అందరూ టక్కున ఆగిపోయారు. పాటలో గురువు కోసం బయల్దేరిన మనిషి నడిదారిలో కాలు గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ జల్లు మొదలుపెట్టాను. అందులో ఎక్కడో రెండు దెబ్బలు పక్కపక్కన పడ్డాయి. ముగ్గురు మొదటి నుంచి ఎత్తుకున్నారు, ఇద్దరు వదిలిన చోటి నుంచి. తిమ్మక్క నోరు మూసుకుంది. ఇంకో నిండు దెబ్బ. ఆగారు. ఇంకో రెండు. కదిలారు.

ముందు వరసలో కూర్చున్న ఒకాయన పక్కవాడితో అన్న మాట స్టేజీ దాకా వినిపించింది. "డీజిల్‌లో నీళ్లు కలిసినట్టుండాది."

జనం నవ్వుతున్నారు. నా చెవులు కాలుతున్నాయి. ఎంత కాలితే అంత వేగంగా కొడతాను నేను, నా అలవాటు అది. కొట్టిన కొద్దీ పాట కదలడం, నిలవడం, కదలడం. ఆ ఆడవాళ్లకు కూడా తెలియదు తామెందుకు ఆగుతున్నారో. ముప్పై ఏళ్లుగా వాళ్ల గొంతులు ఒక దెబ్బకు ఆగి, రెండు దెబ్బలకు లేచి, ఆ సంగతి వాళ్లకు చెప్పకుండానే అలవాటు పడిపోయాయి.

అప్పుడు మైదానం పక్కనుంచి రేకు మీద ఒక్క దెబ్బ వినిపించింది.

అందరూ ఆగారు. నేను కూడా ఆగాను. ఆ దెబ్బలో అలాంటి అధికారం ఉంది. నవ్వేవాళ్లు కూడా ఆగారు. టెంపో వెనక వెంకటరాయప్ప, అరచేయి రేకు మీద పెట్టి, తిమ్మక్కను చూస్తున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది. కూర్చున్న తీరు సర్దుకుంది. ఆయన అంతవరకూ ఆగి, అప్పుడు కొట్టాడు. రెండు దెబ్బలు.

ఆరు గొంతులు ఒకే గొంతులా లేచాయి. మేష్ట్రు వేళ్లు కూడా వాటంతటవే దారిలో పడ్డాయి. నేను విన్నాను. ఆ పాటను నేను అంతకు ముందు ఎన్నిసార్లో విన్నాను గానీ, తల్లో నా దరువు మోగకుండా వినడం అదే మొదటిసారి.

టెంపో కూడా స్టార్టయింది.

మంజునాథ కళ్లు తెరిచాడో లేదో నేను చెప్పలేను. పన్నెండేళ్ల అలవాటు. రెండు దెబ్బలు చెవిన పడ్డాయి, చేయి తాళం తిప్పింది, కాలు క్లచ్చు వదిలింది. టెంపో మొదటి గేరులో, తాడును లాక్కుంటూ, మెల్లగా గేటు వైపు కదిలింది. షామియానా మూల కొయ్య దాంతో పాటు వాలడం మొదలుపెట్టింది. దాని కిందున్న తీర్పరులు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు.

వెంకటరాయప్ప టెంపో పక్కనే నడుస్తున్నాడు. ఒక్క దెబ్బ కొడితే అది నిలిచిపోతుంది. చేయి ఎత్తాడు కూడా. కానీ ఒక్క దెబ్బ కొడితే పాట కూడా నిలిచిపోతుంది. తిమ్మక్క ఆఖరి చరణంలో ఉంది. ఆయన ఎత్తిన చేయి ఎత్తినట్టే పెట్టుకుని, కొయ్యను ఒకసారి, తిమ్మక్కను ఒకసారి చూస్తూ నడిచాడు. అరిస్తే డ్రైవరు వింటాడేమో. పాట మీద అరవడం ఆయనకు చేతకాలేదు.

ఆఖరి చరణంలో ఒక పొడుగు పంక్తి ఉంది. ఫోనులో తీసిన రికార్డింగుల్లో దాన్ని తిమ్మక్క ఒక్క ఊపిరిలో పాడినట్టే ఉంటుంది. నేను కూడా అబ్బా అనుకున్నవాణ్ణే. పక్కన కూర్చుంటే తెలిసింది, ఒక్క ఊపిరి కాదు. సరిగ్గా మధ్యలో ఆమె గొంతు తెగింది, ఛాతీ ఎగిసింది, ఒక ఖాళీ తెరుచుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఖాళీలో గోటితో ఒక తట్టు పడుతూ వచ్చింది. ఇవాళ ఆ తట్టు కొట్టే మనిషి టెంపో వెంట పోతున్నాడు.

అంత దూరం నుంచి ఆయన నా వైపు గడ్డం ఎత్తాడు. 

నేను ఒక్కటి కొట్టాను. మెల్లగా, మెత్తగా ఉన్న కుడిపక్క. ఖాళీ మూసుకుంది. తిమ్మక్క అవతలి ఒడ్డున పంక్తి అందుకుంది. ఆమె నా వైపు చూడలేదు, అదే నాకు దక్కిన మెప్పు.

పాట చివరి మాట మీదికి వచ్చి వాలింది. అది పూర్తిగా వాలేదాకా ఆగి, వెంకటరాయప్ప గేటు దగ్గర రేకు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. పాట నిలిచింది. టెంపో నిలిచింది. కొయ్య మాత్రం ఎవరి మాటా వినే స్థితిలో లేదు. అది పడిపోయింది, ఎర్ర గుడ్డ ముగ్గురు తీర్పరుల మీద ముసుగులా దిగింది.

ఆ నిశ్శబ్దంలో మంజునాథ కిటికీలోంచి తల బయట పెట్టి, ఆవులించి అడిగాడు:

"ఎవరన్నా దిగేది?"

మాకు తొమ్మిదో స్థానం ఇచ్చారు. పదో మండలి లేకపోవడం వల్ల. కానీ తీర్పరులు గుడ్డ కిందనుంచి బయటికి వచ్చి, జుట్టు సర్దుకుని, ఆలోచించి, ఉత్తమ డోలక్ వాదకుడి కప్పు నాకు ప్రకటించారు. మొదట ప్రతిభ చూపించి, తర్వాత సంయమనం పాటించాడట ఈ యువకుడు. రేకు దెబ్బలు కూడా నావే అనుకున్నారు, ఏదో కొత్త వాయిద్యమని. నిజం చెబుదామనే వెళ్లాను. మైకు ఇవ్వలేదు. కప్పు ఇచ్చారు. తీసుకున్నాను.

తిరుగు బస్సులో అందరం ఒక్కచోటే కూర్చున్నాం. మేష్ట్రు కప్పును ఒళ్లో పెట్టుకుని, కొంచెంసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, ధైర్యం చేశాడు.

"ఏదేమైనా అక్కా, కప్పు వచ్చింది కదా. మాట ప్రకారం జాగా..."

"కప్పు టెంపోకు వచ్చింది," అంది తిమ్మక్క. "టెంపోను కూర్చోబెట్టుకుందామా నా పక్కన?"

బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి చేలూరు చూస్తూ కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తట్టింది.

"ఏమప్పా, ఆ ఒక్కటి ఎవరు చెప్తే కొట్టినావు?"

"తాత గడ్డం ఎత్తినాడు."

"గడ్డం ఎత్తితే నువ్వు చూసినావు. అంతవరకు బాగుండాది," అని వెనక్కి తిరిగింది. "రాయప్పా, శనివారం తొందరగా రా. వీడికి తాళాలు ఇద్దాం. వీడి వేళ్లకు తాళాలైతే పని తక్కువ."

ఈ బస్సు క్లీనరు, చెవికి పోగున్న కుర్రవాడు, ప్రతి స్టాపులోనూ రేకును సినిమా పాటలా వాయిస్తున్నాడు. వెంకటరాయప్ప పంటినొప్పి వచ్చినవాడిలా ముఖం పెట్టి, "ఈ డ్రైవరు ఎట్లా పోతాండాడప్పా," అని మాత్రం అన్నాడు.

శనివారం ఆయన తెల్ల చొక్కాలో వచ్చి తన జాగాలో కూర్చున్నాడు. మేష్ట్రు హార్మోనియం మెట్లు మళ్లీ తుడిచాడు. కప్పులో ఇప్పుడు తిమ్మక్క వక్కాకు పెట్టుకుంటుంది. నేను తాళాల దగ్గర. నెలకోసారి ఆఖరి పాటకు తాత డోలక్ నా వైపు జరుపుతాడు. రెండు కొడతాను, వాళ్లు ఎత్తుకుంటారు. తర్వాత చాలాసేపు నాకు పని ఉండదు. మూడోది కొట్టమని వేళ్లు జివ్వుమంటూనే ఉంటాయి. తిమ్మక్క కళ్లు మూసుకునే పాడుతుంది గానీ, నా చేయి లేవబోతే ఎలా తెలుస్తుందో, ఒక కన్ను తెరుస్తుంది. చేయి తీసి తొడ మీద పెట్టుకుంటాను.